మొహమాటం మీద అమ్మిన జీడిపప్పు చిక్కీ

తెనాలిలో మస్తాన్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. మా పేటలోనే ముగ్గురు మస్తాన్లం ఉన్నాం. ఒకాయన టైలరు, ఒకాయన కరెంటు పని చేస్తాడు, నేను బిళ్ళల మస్తాన్‌ని. ముప్పై నాలుగేళ్ళు ఒకే మిఠాయి కంపెనీకి సేల్స్ మనిషిగా పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. పిప్పరమెంట్లు, నిమ్మ బిళ్ళలు, చాక్లెట్లు, చివరి రెండేళ్ళలో చిక్కీలు, బిస్కెట్లు అమ్మాను. తెనాలి, బాపట్ల, రేపల్లె, వాటి చుట్టూ ఉన్న పల్లెలు నా లైను. లైను అంటే ఏ రోజు ఏ ఊళ్ళో ఏ షాపులు తిరగాలో రాసిపెట్టుకున్న వరస. ఆ వరసలో నా మోపెడ్లు మూడు అరిగిపోయాయి.

మొన్న మా కంపెనీలో కొత్తగా చేరిన అమ్మాయి, అబ్బాయి ఇంటికి వచ్చారు. "సార్, మార్కెట్ గురించి ఏమన్నా చెప్పండి" అన్నారు. టార్గెట్లు, స్కీములు, డిస్ట్రిబ్యూటర్ల గురించి గంటసేపు మాట్లాడి పంపించాను. వాళ్ళు వీధి మలుపు తిరిగాక, పనికొచ్చేది ఒక్కటీ చెప్పలేదని మా ఆవిడ అంది. నిజమే అనిపించింది. ఆ చెప్పనివి ఇక్కడ రాస్తున్నాను.

మూడు ఊళ్ళు, మూడు నాలుకలు

పెద్దాఫీసులో గోడకి తగిలించిన పటంలో మా మూడు ఊళ్ళూ కలిపి ఒకటే చుక్క. ఒకటే చుక్క కాబట్టి ఒకటే సరుకు పంపేవాళ్ళు. ఆ పటం గీసినవాడు వీటిలో ఏ ఊళ్ళోనూ ఒక్క బిళ్ళ కూడా కొని ఉండడు.

తెనాలి మనిషి కొనేముందు విచారణ పెడతాడు. ఎక్కడ తయారయింది, పోయినసారి కన్నా పలచబడిందేంటి, కవరు రంగు ఎందుకు మార్చారు, ఇన్నీ అడుగుతాడు. అన్నిటికీ జవాబు చెప్పి చెమట తుడుచుకునేలోపు, చిన్నప్పటి నుంచి ఇంట్లో కొంటున్నదే కొనుక్కొని వెళ్ళిపోతాడు. మా ఊరు కాబట్టి ఈ మాట ధైర్యంగా రాయగలుగుతున్నాను. బాపట్ల అట్లా కాదు, అక్కడ కాలేజీ పిల్లలు ఎక్కువ. కొత్త సరుకు దింపితే మొదటి వారం పండగే. షాపువాడు ఫోన్ చేసి ఇంకో పెట్టె కావాలంటాడు. పెట్టె చేరేసరికి వాళ్ళు ఇంకో కొత్తదాని వెంట పడి ఉంటారు. బాపట్ల నన్ను అట్లా మూడుసార్లు బోల్తా కొట్టించింది, మూడుసార్లూ నేను సంతోషంగానే పడ్డాను.

రేపల్లెలో రైలు ఆగిపోతుంది, అక్కడి నుంచి జనం బస్సుల్లో, ఆటోల్లో లంక గ్రామాలకీ సముద్రం పక్క ఊళ్ళకీ వెళతారు. కాబట్టి అక్కడ కొనేది అక్కడ తినడానికి కాదు, ఇంటికి తీసుకెళ్ళడానికి. ఇంటికి చేరేదాకా సంచిలో కరగకూడదు, ముగ్గురు పిల్లలుంటే ముగ్గురికీ సమానంగా రావాలి, బుగ్గన పెట్టుకుంటే కాసేపు ఉండాలి. మెత్తటి చాక్లెట్లు రేపల్లెకి పంపవద్దని నేను పెద్దాఫీసుకి ఎన్ని ఉత్తరాలు రాశానో లెక్కలేదు. ప్రతి వేసవికీ పంపుతూనే ఉన్నారు, అవి ప్రతి వేసవికీ కవర్లలోనే పాయసం అవుతూనే ఉన్నాయి.

సీసా మూత మీద దుమ్ము

నా మొదటి పై అధికారి సుందరరామయ్య గారు. పంచె కట్టి లైనుకి వచ్చే సేల్స్ సూపర్‌వైజర్‌ని ఆయన తర్వాత నేను చూడలేదు. చేరిన మొదటి రోజు నన్ను నందివెలుగులో ఒక బడ్డీ కొట్టు ముందు నిలబెట్టి, "ఏం కనబడుతోంది?" అన్నారు. షాపాయన నవ్వుతూ ఉన్నాడండి, మనల్ని రమ్మంటున్నాడండి అన్నాను. "మనిషిని తర్వాత చూడు. ముందు సీసా చూడు. మూత మీద దుమ్ముంటే నీ సరుకు పోవడం లేదు. మూత మీద వేళ్ళ జిడ్డుంటే పోతోంది. మనిషి నవ్వుతాడు, టీ ఇప్పిస్తాడు. సీసాకి ఆ మర్యాదలు తెలియవు" అన్నారు. ఆ మాట నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. రాసుకున్న మాట మనిషికి ఎంత అక్కరకొస్తుందో తర్వాత మీకే తెలుస్తుంది.

సొంతంగా చేసిన మొదటి తప్పు మామిడి బిళ్ళ. పుల్లగా, తియ్యగా నిజంగా బాగుండేది. మామిడి అంటే ఎండాకాలం కదా అని మే నెలలో పల్లెలన్నిటికీ పెట్టెలకి పెట్టెలు వేశాను. ఒక్కటీ కదల్లేదు. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని రసం పండు పిండుకుంటూ, "ఏం బాబూ, ఇది చేతిలో ఉండగా అది నోట్లో ఎందుకు వేసుకుంటారు?" అని అడిగాడు. పళ్ళు అయిపోయి వానలు పడ్డాక, అదే బిళ్ళ చాలకుండా పోయింది. జనానికి లేనిదాని మీద మనసు పోతుందని అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి. చిల్లర లేనప్పుడు షాపువాళ్ళు బిళ్ళ చేతిలో పెట్టేవాళ్ళు. మా సరుకులో పెద్ద భాగం అట్లాగే పోయేది, మేమేమో జనం మా బిళ్ళ కోసం ఎగబడుతున్నారని మీటింగుల్లో చెప్పుకునేవాళ్ళం. ఫోన్లలో చెల్లించడం వచ్చాక చిల్లర సమస్య పోయింది, దానితో పాటు మా గొప్పా పోయింది. ఎవరు ఇష్టపడి కొంటున్నారో, ఎవరు తప్పక పుచ్చుకుంటున్నారో విడిగా కనబడటం మొదలైంది. ఆ ఏడాది నాకు చాలా సరదాగా గడిచింది. మా పెద్దాఫీసుకి మాత్రం సరదాగా లేదు.

అందరూ బాగుందన్నారు

ఇక అసలు సంగతి. రిటైరయ్యే ముందు రెండేళ్ళ నాటిది.

మా కంపెనీకి చిక్కీల మీద మనసు పడింది. మా వైపు ఆ వ్యాపారం చిన్నవాళ్ళది. అందులో పేరున్నది వేటపాలెం కోటేశ్వరమ్మ గారి జీడిపప్పు అచ్చు, అంటే చిక్కీయే. ఆవిడ ఒకప్పుడు అక్కడి జీడిపప్పు యూనిట్లో పప్పు ఒలిచే పనికి వెళ్ళేది. తర్వాత విరిగిన ముక్కపప్పు కొనుక్కొచ్చి, బెల్లం పాకంలో వేసి, ఇంటి వెనక రేకుల షెడ్డులో అచ్చులు చెయ్యడం మొదలుపెట్టింది. ఏడుగురు ఆడవాళ్ళకి అక్కడ పని దొరికింది. ఆవిడ మరిది రేకు డబ్బాలు రైల్లో తెచ్చి మూడు ఊళ్ళలో షాపులకి వేసేవాడు. కవరు మీద బొమ్మ లేదు, టీవీలో ప్రకటన లేదు. షాపు ముందు బల్ల మీద సీసాలో కనబడటమే ఆవిడకున్న ప్రచారం.

మా ఏరియా మేనేజర్ ప్రశాంత్‌ది నా కొడుకు వయసు. కష్టపడే మనిషి, నన్ను ఏనాడూ నువ్వు అనలేదు. లాప్‌టాప్‌లో లేనిది లోకంలో లేదనుకోవడం ఒక్కటే ఆయన లోపం. ఒకరోజు ఫోన్ చేసి, "మస్తాన్ గారూ, మన జీడిపప్పు చిక్కీ వస్తోంది. మీ ఏరియాలో రుచి చూపించి జనం ఏమంటున్నారో రాసి పంపండి. మీరంటే అందరికీ గౌరవం కదా, మనసులో మాట చెబుతారు" అన్నారు.

నాకు ఛాతీ ఉబ్బింది. శాంపిల్ పెట్టె మోపెడ్ వెనక కట్టుకొని పదిహేను రోజులు తిరిగాను. షాపువాళ్ళకి పెట్టాను, కాలేజీ పిల్లలకి పెట్టాను, నందివెలుగు టీ కొట్టు దగ్గర రైతులకి పెట్టాను. నా చేత్తో ఇచ్చి, ఎదురుగా నిలబడి, "ఎట్లా ఉందండి?" అని అడిగాను. "బాగుందండి" అన్నారు. అందరూ అదే మాట. రేపల్లెలో పళ్ళు లేని తాతగారు ఒకాయన ముక్కని బుగ్గన అటూ ఇటూ తిప్పి, చివరికి చేతిలోకి తీసుకొని, "బాగుంది నాయనా" అన్నాడు. అప్పుడైనా నాకు వెలగలేదు. కాగితం మీద ఆయన పేరుకి ఎదురుగా కూడా 'చాలా బాగుంది' అన్న గడిలో టిక్కు పెట్టాను.

మనవాళ్ళ సంగతి మీకు తెలియనిదా? పెళ్ళిలో పులిహోరలో ఉప్పు లేకపోయినా పెట్టినవాళ్ళ ఎదురుగా బాగుందనే అంటాం. ఇంటికొచ్చాక ఆ ఉప్పు గురించి ఏడాది చెప్పుకుంటాం. మొహమాటం మీద మనకొక మోటు సామెత ఉంది, ఆడపిల్లలు కూడా చదువుతారు కాబట్టి రాయను. ఇదంతా తెలిసినవాడినే, పైగా అదే నీళ్ళు తాగి పెరిగినవాడినే, నేను ఆ మాటల్ని లెక్కగట్టి రిపోర్టు పంపాను.

సరుకు వచ్చింది. దానితో పాటు స్కీము వచ్చింది. షాపుకి అద్దాల స్టాండు ఉచితం, లోపల లైటు వెలుగుతుంది, పైన షాపు పేరు రాస్తారు. షరతు ఒకటే: ఏడాదిపాటు షాపు ముందు బల్ల మీద ఇంకెవరి చిక్కీ పెట్టకూడదు. యాభై షాపులు తిరిగాను. "మీరడిగితే కాదంటామా మస్తాన్ గారూ" అంటూ సంతకాలు పెట్టారు. నెల తిరగకముందే పని పూర్తయింది. ప్రశాంత్ మీటింగులో నా ఫోటో తెర మీద వేసి చప్పట్లు కొట్టించారు. నిజం చెప్పాలంటే చాలా సంతోషపడ్డాను. ఆ ఫోటో మా అమ్మాయికి పంపించాను కూడా.

సగం ముక్క

ఒక ఆదివారం పొద్దున్న మా గుమ్మంలో యాభై ఏళ్ళావిడ నిలబడి ఉంది. చేతిలో గుడ్డ సంచి.

"మస్తాన్ గారిల్లు ఇదేనాండి?"

"నేనేనమ్మా. లోపలికి రండి."

"వేటపాలెం నుంచి వచ్చానండి. అచ్చుల కోటేశ్వరమ్మనండి."

గతుక్కుమన్నాను. అప్పటిదాకా ఆవిడ అచ్చు తెలుసు గానీ మనిషిని చూడలేదు. తగాదాకి వచ్చిందనుకున్నాను. మా ఆవిడ మంచినీళ్ళు ఇచ్చింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి, నెమ్మదిగా మొదలుపెట్టింది.

"అన్నయ్యగారూ, షాపులవాళ్ళు మా సరుకు వద్దంటున్నారండి. ఏంటని అడిగితే మస్తాన్ గారికి మాటిచ్చాం అంటున్నారండి. ఏడుగురు చేసేవాళ్ళండి మా దగ్గర. ముగ్గుర్ని మానిపించాను. మిగతావాళ్ళని వచ్చే నెల రమ్మనాలో వద్దనాలో తెలియట్లేదండి. మా అచ్చులో తప్పేదన్నా ఉంటే చెప్పండి, దిద్దుకుంటాను."

తప్పు తన పాకంలో ఉందనుకొని, రైలెక్కి, అడ్రసు కనుక్కొని వచ్చింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "మీ అచ్చులో తప్పేం లేదమ్మా. ఇది కంపెనీ స్కీము" అన్నాను. ఆ మాట నా చెవికే చప్పగా వినిపించింది.

"అయితే మీది అంత బాగుందేమోనండి. ఒకటి చూపించండి, చూస్తాను."

మా ఆవిడ పళ్ళెంలో మా చిక్కీ పెట్టి తెచ్చింది. కోటేశ్వరమ్మ గారు దాన్ని కిటికీ వైపు తిప్పి వెలుతురులో చూసింది. రెండు వేళ్ళతో విరవబోయింది. మంచి పాకం టక్కుమని విరుగుతుంది. మాది వంగి, సాగి, తర్వాత తెగింది. సగం నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది. నా ఉద్యోగం మొత్తంలో ఒక మనిషి నమలడం కోసం నేనంతసేపు ఎదురుచూడలేదు.

"బాగుందండి" అంది.

అని, మిగిలిన సగం ముక్కని కాగితంలో జాగ్రత్తగా చుట్టి సంచిలో పెట్టుకుంది. "ఇంటికెళ్ళి తింటానండి" అని లేచింది. తన పొయ్యి ఆర్పేసిన సరుకుని, ఆర్పేసినవాడి ఇంట్లో కూర్చుని, బాగుందని మెచ్చుకొని వెళ్ళింది.

నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. మా ఆవిడ గ్లాసు తీస్తూ, "ఆవిడకి నచ్చలేదు" అంది.

"బాగుందనేగా అంది."

"పెట్టినవాళ్ళ ముందు ఇంకేమంటారు? మొదటిరోజు మీరు తెచ్చి పెడితే నేను మాత్రం ఏమన్నాను?"

వంటింట్లోకి వెళ్ళి చూశాను. నేను తెచ్చిచ్చిన చిక్కీల డబ్బా నిండుగా అట్లాగే ఉంది. నెలన్నర నుంచి మా ఇంట్లో ఎవరూ రెండో ముక్క తీసుకోలేదు.

రెండు సీసాలు

మర్నాడు ప్రశాంత్‌కి ఫోన్ చేసి, నా రిపోర్టు తప్పు సార్ అన్నాను. ఆయన నమ్మలేదు. "అయితే వచ్చి చూడండి" అన్నాను. మాట మీద నిలబడే మనిషి, రెండు రోజులు ఖాళీ చేసుకొని వచ్చారు.

పిట్టలవానిపాలెంలో లక్ష్మీకాంతం గారి చిల్లర కొట్టు ఉంది. ఆవిడతో మాట్లాడి, ఒకే రకం సీసాలు రెండు పెట్టించాను. ఎడమ సీసాలో కోటేశ్వరమ్మ గారి అచ్చులు, కుడి సీసాలో మావి. రెండిటికీ కవర్లు తీసేశాం, ధర ఒకటే పెట్టాం. ఎవరినీ ఏమీ అడగవద్దు, వేలు పెట్టి చూపించినది ఇవ్వండి చాలు అని చెప్పాం. మేమిద్దరం రోడ్డు అవతల టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. నేను ఆ ఊరివాళ్ళకి కనబడకుండా తువ్వాలు తలకి చుట్టుకున్నాను. అయినా ఇద్దరు గుర్తుపట్టి నమస్కారం పెట్టారు.

మొదటి రోజు రెండు సీసాలూ సమానంగా తగ్గాయి. ప్రశాంత్ మొహం వెలిగిపోయింది. "చూశారా, మీరు ఊరికే కంగారుపడ్డారు" అన్నారు.

"రేపు కూడా చూద్దాం సార్. ఇవాళ కొన్నవాళ్ళు రేపు ఏం చేస్తారో."

రెండో రోజు స్కూలు పిల్లలు, నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు, పంచరు షాపాయన, అందరూ నిన్నటివాళ్ళే. వేళ్ళన్నీ ఎడమకే చూపించాయి. పదిన్నరకల్లా ఎడమ సీసా అడుగు కనబడింది, కుడి సీసా పొద్దున్న ఎట్లా ఉందో అట్లాగే ఉంది. యూనిఫాంలో ఉన్న ఒక పాప వచ్చేసరికి ఎడమది అయిపోయింది. లక్ష్మీకాంతం గారు కుడి సీసాలోది తీసి ఇవ్వబోతే, ఆ పాప చెయ్యి వెనక్కి లాక్కొని, రోడ్డు అవతలికి కూడా వినబడేంత గట్టిగా, "అది పళ్ళకి అతుక్కుపోద్ది, నాకొద్దు" అంది. పదిహేను రోజుల నా సర్వే ఆ పిల్ల ఒక్క మాటతో తేల్చేసింది.

ప్రశాంత్ చల్లారిన టీ తాగేసి గ్లాసు పక్కన పెట్టారు. తర్వాత అన్న మాట కూడా దాచకుండా రాస్తాను, ఎందుకంటే ఈ ఉద్యోగంలో ఆ మాట మీరూ వింటారు. "సరే, రుచిలో ఆవిడే పైన. కానీ బల్ల మనది కదా మస్తాన్ గారూ. ఏడాది కనబడకపోతే జనం ఆవిడని మర్చిపోతారు. ఈలోపు మన పాకం మనం సరిచేసుకుంటాం."

వ్యాపారపు లెక్కలో అది తెలివితక్కువ మాటేమీ కాదు. కనబడనిది ఎవరూ కొనరు. నేనూ ముప్పై ఏళ్ళుగా పక్క కంపెనీల సీసాలు వెనక్కి తోసి మావి ముందుకు జరిపినవాడినే. వాళ్ళూ నావి తోశారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు, అందులో నాకు బాధ లేదు. రుచితో గెలవండి, ధరతో గెలవండి, వాళ్ళు వెళ్ళలేని ఊరికి మీరు వెళ్ళి గెలవండి. కానీ ఆ యాభై సంతకాలు చిక్కీని చూసి పెట్టినవి కావు, నన్ను చూసి పెట్టినవి. నా మీద వాళ్ళకున్న మర్యాదని తీసుకెళ్ళి ఒక ఆడమనిషి పొయ్యి మీద నీళ్ళలా పోశాను. అది సరిచెయ్యకుండా ఆ షాపుల ముందు మోపెడ్ ఆపలేనని ప్రశాంత్‌కి అక్కడే చెప్పాను. ఆయన కారెక్కారు.

లోపలిది

షాపులన్నీ మళ్ళీ తిరిగాను. "స్టాండు ఉంచుకోండి, షరతు మర్చిపోండి. బల్ల మీద మీ ఇష్టం వచ్చినది పెట్టుకోండి" అని చెప్పి, వాళ్ళు సంతకం చేసిన కాగితాల మీద గీత కొట్టాను. అట్లా కొట్టే అధికారం నాకు లేదు. ఆ సంగతి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

రేపల్లెలో స్టేషన్ దగ్గర సుబ్బయ్య గారి షాపు. నేను చెప్పింది విని ఆయన పెద్దగా ఊపిరి వదిలి, బల్ల కింద గోనెసంచి పక్కకి జరిపాడు. వెనక కోటేశ్వరమ్మ గారి రేకు డబ్బా ఉంది.

"ఏంటి సుబ్బయ్య గారూ ఇది?"

"ఏం చెయ్యమంటారండి, జనం ఊరుకోవట్లేదు. 'లోపలిది' ఇవ్వమంటారండి. మీ మోపెడ్ చప్పుడు వినబడితే చాలు, సంచి అడ్డం వెయ్యలేక చస్తున్నాను."

"ఆ రోజే చెప్పొచ్చుగా?"

"మీరంత ఆశగా పెట్టి అడిగితే ఎట్లా చెప్పమంటారండి?"

ఇద్దరం నవ్వుకున్నాం. అందరూ సుబ్బయ్య గారిలా దాచి అమ్మలేదు. చాలామంది మాటకి కట్టుబడి నిజంగానే మానేశారు. నిజాయితీపరులే ఆవిడకి ఎక్కువ నష్టం చేశారు, వాళ్ళ చేత ఆ పని చేయించింది నేను.

పది రోజుల్లో షాపులన్నీ అయిపోయాయి. పదకొండో రోజున కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. నన్ను చిక్కీల నుంచి తీసి బిస్కెట్లకి వేశారు, ఆ ఏడాది రావాల్సిన బహుమతి ఆపేశారు. మా ఆవిడ, "పోనీండి, బిస్కెట్లయితే పళ్ళకి అతుక్కోవు" అంది. ప్రశాంత్ కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నారు. ఏడాది తర్వాత ఒకరోజు ఫోన్ చేసి, పాకం మార్చామని, ఇప్పుడు ఏ సరుకైనా రెండు సీసాలు పెట్టి రెండు రోజులు చూస్తున్నామని చెప్పారు. మా చిక్కీ ఇప్పుడు బాపట్లలో బాగానే పోతోంది. మూత మీద వేళ్ళ జిడ్డు నేనే చూశాను.

ఆ ఉత్తరం అందిన వారంలోనే వేటపాలెం వెళ్ళాను. రేకుల షెడ్డులో రెండు పొయ్యిలుంటే ఒకటే వెలుగుతోంది. నలుగురు ఆడవాళ్ళు బల్ల మీద పాకం పోసి అప్పడాల కర్రతో పరుస్తున్నారు. షాపులన్నిట్లో షరతు తీసేశానని చెప్పాను. కోటేశ్వరమ్మ గారు గరిటె పక్కన పెట్టింది. చెంగుతో చెయ్యి తుడుచుకొని ఫోన్ తీసింది.

"ఏమే సైదమ్మా, రేపట్నుంచి రా. ఆఁ, రెండు పొయ్యిలూను. దుర్గక్కని కూడా తీసుకురా."

మూడో ఆవిడకి కూడా చేసింది. ఆవిడ జీడిపప్పు యూనిట్లో చేరిపోయిందట, రానంది. ఫోన్ పెట్టేసి పొయ్యి వైపు తిరిగింది. ఆ ఒక్కరి లెక్క మాత్రం నా ఖాతాలో అట్లాగే ఉండిపోయింది.

"ఇట్టా చేసినందుకు మీ ఉద్యోగానికేం కాలేదాండి?" అని అడిగింది.

"బిస్కెట్లకి వేశారమ్మా. రిటైరవడానికి ఇంకెంత, రెండేళ్ళేగా."

"అయితే ఆ రెండేళ్ళూ అయ్యాక మా అచ్చులు మీరే వెయ్యండి అన్నయ్యగారూ. మూడు ఊళ్ళలో మీ మాట కాదనేవాళ్ళు లేరంట కదండి."

"అందుకే వద్దమ్మా. నేను తీసుకెళితే మీ పాకం చెడిన రోజు కూడా బాగుందనే అంటారు. మీకు ఎప్పటికీ తెలియదు."

ఆవిడ గరిటె తిప్పుతూ ఆలోచించింది. బల్ల దగ్గరవాళ్ళ చేతులు ఆగాయి.

"అది మాత్రం నిజమేనండి" అంది. "ఆ రోజు మీ ఇంట్లో ఇచ్చిన సగం ముక్క తెనాలి స్టేషన్లో కుక్కకేశానండి. వాసన చూసి వెళ్ళిపోయింది."

ముందు ఆ నలుగురూ నవ్వారు, తర్వాత ఆవిడ నవ్వింది, నాకైతే నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు వచ్చాయి. మనకి బాగోలేదని చెప్పేది మన ఇంట్లోవాళ్ళే. ముప్పై రెండేళ్ళు మూడు ఊళ్ళు తిరిగితే, ఇల్లు దాటాక నన్ను ఇంట్లో మనిషిలా చూసి మాట్లాడింది నేను పొయ్యి ఆర్పిన ఆ తల్లి ఒక్కతే.